గట్టు మీది గుండె

కిందటి వారం మనం కరుణను సూర్యాపేటలో, జిరాక్సు షాపు పైన ఉన్న అద్దె గదిలో నిలబెట్టి వచ్చేశాం. మనం వంటలు చేసుకున్నాం, నిద్రలు పోయాం. పాపం ఆ పిల్ల మాత్రం వారమంతా అక్కడే నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు మరి.

గదిలో ఉన్నది ముగ్గురే. కుర్చీలో శశిధర్, పరిశోధన మొత్తానికీ పెద్ద. చెప్పాపెట్టకుండా తెల్లారేసరికి హైదరాబాద్ నుంచి దిగాడు. కిటికీ దగ్గర డాక్టర్ అరుంధతి, కోదాడ మనిషి. ఉక్కపోతలో, మోకాలి లోతు బురదలో నాట్లు వేసే ఆడవాళ్ల ఒంటికి ఏమవుతోందో ఎవరూ కొలవలేదే అని బాధపడి ఈ పరిశోధన మొదలుపెట్టింది ఆవిడే. గరిడేపల్లి నాట్ల ముఠాలో పన్నెండు మందికి చేతి వాచీలు ఇచ్చారు. గుండె ఎలా కొట్టుకుంటోందో, మనిషి ఎంత నడుస్తోందో ఆ వాచీలే పసిగట్టి, లోపలి సిమ్ కార్డుతో నేరుగా కంప్యూటర్‌కు పంపుతాయి. పొద్దున ముఠా ఆటో ఎక్కేచోట వాచీలు పంచడం, సాయంత్రం తీసుకోవడం, రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టడం కరుణ పని. ఆ ముఠా ఊరిదే, ఆ వాడ పిల్లే.

"ఈ లెక్కలు దొంగవి" అన్నాడు శశిధర్. అక్కడే కదా ఆగాం.

"దొంగవంటే?" అంది అరుంధతి.

శశిధర్ లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. తెర మీద పన్నెండు గీతలు, పన్నెండు రంగుల్లో. ఒక్కో గీతనూ లాగి మరోదాని మీద పెట్టాడు. ఎర్రది నీలం మీద సరిపోయింది. నీలం ఆకుపచ్చ మీద సరిపోయింది. చివరికి తెర మీద ఒకే ఒక్క గీత మిగిలింది.

"పొద్దున ఆటో దిగిన కాడి నుంచి సాయంత్రం దాకా ఇదే తీరు. ఎన్ని గుండెలు కనబడుతున్నయి మేడం?"

అరుంధతి కోపంగా కిటికీ వదిలి తెర దగ్గరికి వచ్చింది.

"ఒక్కటే. పన్నెండు వాచీలు, ఒక్క గుండె. ఇంకో తమాషా చూడండి. నాట్లేసే మనిషి పొద్దంతా వెనక్కి వెనక్కి నడుస్తనే ఉంటది. మన పన్నెండు మంది మాత్రం హాయిగ కూసున్నరు. అడుగే పడలె." కరుణ వైపు తిరిగాడు. "వాచీల పెట్టె రాత్రి ఎవరింట్ల ఉంటది?"

"మా ఇంట్లనే సార్."

"పొద్దున ఎవరి చేతిల ఉంటది?"

"నా చేతిలనే. గని సార్, ఏసయ్య మీద ఒట్టు, నేను పంచే వస్తున్న. ఇయ్యాల తెల్లారకముందే మీరు ఫోన్ చేసి రమ్మన్నరని ముఠా పెద్ద జానకమ్మకు పెట్టె ఇచ్చి మొదటి బస్సుకు వచ్చిన. లేకుంటే దినాం నా చేతులతోనే కడత."

"పంచుతున్నవా, ఇంట్ల కూసోని పన్నెండూ నువ్వే పెట్టుకుంటున్నవా?"

కరుణ ముఖం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు ఆ పిల్ల. తప్పు చేయని మనిషికి మాత్రం ఇంత మాట పడ్డాక మాటలెక్కడి నుంచి వస్తాయి?

"సార్, నౌకరి తీసేస్తె తీసేయిన్రి" అంది చివరికి. "గని దొంగ లెక్కలనొద్దు. మా వాడల ఆడోళ్లకు సూది అంటే భయం, సంతకం అంటే భయం. నా మొకం చూసి చెయ్యి చాపిన్రు. ఇది దొంగ పని అని ఊళ్లె తెలిస్తే మల్ల నేను ఎవ్వరి చెయ్యన్న పట్టుకోగలుగుతనా?"

శశిధర్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఎంత సుఖంగా రాసుకునేదాన్నో! ఆయన బాధ ఆయనది. ఒక్క దొంగ లెక్క బయటపడితే మిగతా ఊళ్లలో నిజాయతీగా చేసిన పనిని కూడా రేపు ఎవరూ నమ్మరు. గరిడేపల్లి కేంద్రం మూసేస్తున్నామనీ, కరుణ మీద చర్య తీసుకోవాలనీ రాసిన మెయిల్ తెర మీద సిద్ధంగా ఉంది. ఆయన వేలు దాన్ని పంపే బటన్ మీదికి పోయింది.

"సార్, ఒక్క నిమిషం ఆగండి" అంది అరుంధతి.

ఆమె చూపు ఇంకా ఆ గీత మీదే ఉంది. ముందుకు వంగి దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. గీత విడిపోయి చుక్కలైంది. ఒక్కో చుక్క గుండె ఒక్కోసారి కొట్టుకోవడం. రెండు చుక్కలు పక్కపక్కనే అతుక్కుపోయాయి. తర్వాత పెద్ద ఖాళీ. మళ్లీ మూడు చుక్కలు తోసుకుంటూ వచ్చాయి. మళ్లీ ఖాళీ. ఒక తీరూ తెన్నూ లేదు.

అరుంధతికి ఒళ్లు జలదరించింది. ఇందాకటి కోపం ఎటు పోయిందో పోయింది. అల్మరాలోంచి కొత్త వాచీ తీసి కరుణ మణికట్టుకు కట్టింది.

"మాట్లాడకుండా కూర్చో అమ్మా." ఆ గదిలో కరుణను కూర్చోమన్న మొదటి మాట అదే.

కరుణ కూర్చుంది. తెర మీద ఇంకో గీత మొదలైంది. భయానికి గుండె దడదడలాడుతోంది, నిజమే. అయినా చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం మాత్రం తప్పడం లేదు. కుట్టుమిషన్ మీద వేసిన కుట్టులా ఒకే తీరుగా పోతోంది.

"సార్, మీరు చెప్పింది నిజమే" అంది అరుంధతి. ఆమె గొంతులో సంబరం దాచినా దాగడం లేదు. "పన్నెండు వాచీల్లో ఉన్నది ఒక్క గుండే. కానీ అది కరుణది కాదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి మీరే చూడండి."

శశిధర్ చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మరి ఎవరిది?"

"అదే తెలియదు. ఇంకో సంగతుంది సార్. ఈ గుండెకి బాగాలేదు. ఇలా అడ్డదిడ్డంగా కొట్టుకునే గుండెలో రక్తం నిలిచిపోయి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకెక్కితే పక్షవాతం. ఒక్కోసారి ఉన్నపళాన గుండే ఆగిపోతుంది. ఇన్నాళ్లుగా ఈ మనిషి వాచీ మనకు చెబుతూనే ఉంది. మనం దొంగలెక్కలని తిట్టుకుంటూ కూర్చున్నాం."

శశిధర్ మెయిల్ పంపలేదు. చెరపనూ లేదు. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని కారు తాళాలు తీసుకున్నాడు.

"నడువుండ్రి. ఆ మనిషెవరో ఇప్పుడే చూద్దాం" అన్నాడు. ఉద్యోగం హైదరాబాద్‌లో అయినా పుట్టింది సూర్యాపేటలోనే. ఆత్రం పుడితే ఆయన నోట సొంత ఊరే పలుకుతుంది.

కారు పెన్‌పహాడ్ దాటింది. రోడ్డుకు రెండు వైపులా మడులు నీళ్లతో మెరుస్తున్నాయి. అప్పుడు అడిగింది అరుంధతి.

"పని జరుగుతుండగా నువ్వెప్పుడూ పొలం దగ్గరికి వెళ్లలేదా కరుణా?"

కరుణ ఇబ్బందిగా శశిధర్ వీపు వైపు చూసింది. "నాట్లేస్తున్నప్పుడు పోవద్దని సారే రూలు పెట్టిన్రు మేడం."

"చూస్తున్నమని తెలిస్తే మనుషులు మామూలుగ ఉండరు" అన్నాడు శశిధర్ స్టీరింగ్ తిప్పుతూ. "మనుషుల నడత మీద పనిచేసేటోళ్లకు అది మొదటి పాఠం."

"మంచి పాఠమే సార్. దాని పుణ్యాన వాళ్లు ఎంత మామూలుగా ఉన్నారో మనకే తెలియకుండా పోయింది" అంది అరుంధతి. శశిధర్ చెవులు ఎర్రబడ్డాయి.

గరిడేపల్లి పొలిమేరలో కారు ఆగింది. ముఠా మడిలో ఉంది. వంగిన నడుములు ఒకే వరసలో వెనక్కి జరుగుతున్నాయి. ముఠా పెద్ద జానకమ్మ గొంతు గట్టిగా వినబడుతోంది. గట్టు మీద మూడు కర్రలు నిలిపి చీర ఉయ్యాల కట్టారు. అందులో ఒక పసిపిల్ల, పక్కన గొనెసంచి మీద ఇంకొకడు. వాళ్లను చూసుకుంటూ సుగుణమ్మ కూర్చుంది. వయసు మీద పడి నడుము వంగనప్పటి నుంచి ముఠాకు ఆమె కాపలా. పిల్లలకు, సద్ది గిన్నెలకు, చెప్పులకు, అన్నింటికీ.

ఉయ్యాల ఊపుతున్న ఆమె చెయ్యి చూసి ముగ్గురూ గట్టు మీదే ఆగిపోయారు.

మణికట్టు నుంచి మోచేతి దాకా వాచీలే. ఆ చేతికి చోటు చాలక ఈ చేతికి కొన్ని.

"అమ్మా!" అన్నాడు శశిధర్. "ఇవన్ని నువ్వెందుకు పెట్టుకున్నవ్?"

సుగుణమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మరి బురదల పెట్టుకుంటరా సారూ? గాజులైతేంది, ఉంగరమైతేంది, మడిల దిగేముందు తీసి గట్టు మీదున్నోళ్లకు ఇచ్చుడే. మా అవ్వ కాలం నుంచి గంతే."

"తీయొద్దని చెప్పాం కదమ్మా" అంది అరుంధతి.

"ఎందుకు చెప్పలె? మా కరుణనే చెప్పింది. వాచీ సల్లబడొద్దు, ఒంటి ఏడి తగుల్తనే ఉండాలె, లేకుంటె లెక్క తెగిపోతదని." సుగుణమ్మ గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది. "గందుకే కింద పెట్టలె. సంచిల ఎయ్యలె. ఒకరి ఒంటి మీదికెళ్లి తీసి ఇంకొకరి ఒంటి మీద పెట్టినం. ఒక్క గడియ సల్లబడనియ్యలె సారూ. మా ముఠాల మాట తప్పేటోళ్లు లేరు."

ముందు నవ్వింది అరుంధతి. పైట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామంటే ఇదే కదా! కరుణ నవ్వబోయి ఏడ్చేసింది. తన పేరు నిలబడింది. తన మాట ఎవరూ జవదాటలేదు. అందరూ ఆ మాటను ప్రాణంగా పట్టుకున్నారు. అంతకంటే ఏం కావాలి ఆ పిల్లకు?

శశిధర్ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "తప్పు నాది కరుణా" అన్నాడు. "నోరు జారిన. ఆ మెయిల్ పోదు." చదువుకున్నవాడి నోట ఆ మాట అంత తేలిగ్గా రాదు. వచ్చింది కాబట్టి ఆయన్ని మనం కూడా క్షమిద్దాం.

అరుంధతి మాత్రం అప్పటికే సంచిలోంచి అరచేతిలో పట్టే చిన్న యంత్రం తీసింది. రెండు చేతుల వేళ్లూ దాని మీద పెడితే గుండె నడకను గీసి చూపిస్తుంది. ఆమె నవ్వు మాయమైంది. ఇంతకూ అడ్డదిడ్డంగా కొట్టుకునే ఆ గుండె ఎదురుగా కూర్చున్న ఈ ముసలామెదే కదా.

"అమ్మా, భయపడకు. నొప్పి ఉండదు. వేళ్లు ఇక్కడ పెట్టు."

"నాకేం భయం?" అంటూ సుగుణమ్మ చేతులు చాపింది.

గీత మొదలైంది. అరుంధతి దాని మీదికి వంగింది. కొట్టుకోవడం, ఎడం. కొట్టుకోవడం, ఎడం. మళ్లీ చూసింది. వేళ్లు తుడిచి ఇంకోసారి పెట్టించింది. గుళ్లో గంట కొట్టినట్టు నికరంగా నడుస్తోంది ముసలామె గుండె. మనందరి గుండెలకన్నా దిట్టంగా ఉంది.

"ఈమె కాదు సార్" అంది అరుంధతి.

"కాదంటే? వాచీలన్ని ఈమె చేతికే ఉన్నయి గద?"

కరుణ గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుంది. "అత్తా, దినాం నువ్వే పెట్టుకున్నవా ఇవి?"

"నేనా? నేను ఇయ్యాలనే పెట్టుకున్న బిడ్డా. నిన్నటి దాంక సుధనే పెట్టుకునేది."

"సుధనా? సుధ నాట్లేస్తలేదా?"

సుగుణమ్మ మడి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "కడుపుతోని ఉన్నది. ఇంకా ఎవ్వరికి చెప్పలె. మడిల దిగంగనే ఆయాసం. నాలుగు నారు పోచలు పెడితే ఎగపోస్తది. జానకమ్మ చూసి, నువ్వు దిగకు బిడ్డా, గట్టు మీద కూసో, నీ వంతు మేమేస్తం అన్నది. పిల్లలను నేను చూసుకుంట, వాచీలు ఆమె పెట్టుకుంటది. గట్ల నడిచింది ఇన్నొద్దులు."

"ఆయాసం వస్తుంటే దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదమ్మా?" అరుంధతి గొంతు పెరిగింది.

"కడుపుతోని ఉన్నోళ్లకు ఆయాసం రాదా మేడమ్మా? మాకందరికి రాలె?"

అరుంధతి కళ్లు మూసుకుంది. చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్లనొప్పులతో వచ్చిన జ్వరం కొందరికి గుండె కవాటాన్ని తినేస్తుంది. ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. కడుపు పండినప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది, ఆ గుండె దాన్ని తోయలేకపోతుంది. అలాంటి మనిషి కూర్చుని ఉన్నప్పుడే ఆ చుక్కలు అంత అడ్డదిడ్డంగా ఉంటే, లేచి పనిచేస్తే?

"సుధ ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగింది.

సుగుణమ్మ పసిపిల్ల ముఖం మీది ఈగను తోలింది. అప్పుడు అంది. "నిన్న ఎవరో ఒకామె నోరు జారింది. కూసున్నోళ్లకు కూలి, వంగినోళ్లకు నడుము నొప్పి అని. సుధ ఇన్నది. పాపం, మానం గల్ల పిల్ల. మీ రెక్కల కష్టం నేను తినను అని పొద్దుగాల నిడమనూరు దిక్కు పోయే ఆటో ఎక్కింది. అక్కడ మనుషులు తక్కువున్నరట. ఆళ్లకు ఈమె సంగతి తెల్వది గద. దిగి నాట్లేస్తది."

అప్పటికి శశిధర్ సుగుణమ్మ చేతుల మీది వాచీలు లెక్కపెడుతున్నాడు. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాడు. పదకొండే.

"పన్నెండోది?"

"సుధ చేతికే ఉన్నది. కొత్త ముఠాల ఎవ్వరికి ఇయ్యకు బిడ్డా, కవరు సుట్టుకోని నీ చేతికే ఉంచుకో అని జెప్పిన. సరే అన్నది. తీసుడే అయితె ఎవరి ఒంటి మీదన్న పెట్టమని చెప్త, సల్లబడనియ్య అన్నది."

శశిధర్ పరుగెత్తుకుంటూ వెళ్లి లాప్‌టాప్ కారు బానెట్ మీద పెట్టాడు. పన్నెండో వాచీ నంబరు నొక్కాడు. గీత వచ్చింది. ఇప్పటిది, ఈ నిమిషానిది. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. గుండె నూట యాభై దాటి కొట్టుకుంటోంది. కింద అడుగుల లెక్క, ఇన్నాళ్లూ కదలని ఆ లెక్క, మెల్లమెల్లగా పెరుగుతోంది. వెనక్కి ఒక అడుగు. ఇంకో అడుగు. ఇంకోటి.

ఆ పరిశోధన మొదలయ్యాక కంప్యూటర్‌కు చేరిన మొదటి నిజమైన నాటు అది.

"ఫోన్ చెయ్యి కరుణా!"

"చేస్తున్న మేడం. మోగుతున్నది. ఎత్తుతలేదు. గట్టు మీద సంచిల ఉంటది కావచ్చు."

అరుంధతి మిర్యాలగూడలో తనకు తెలిసిన గుండె డాక్టరుకు ఫోన్ కలిపి, రెండు ముక్కల్లో సంగతి చెప్పి, అంబులెన్సును నిడమనూరు వైపు పంపమంది. శశిధర్ కారు తిప్పాడు. రూలు లేదు, మెయిల్ లేదు. పెద్దసార్ కాస్తా లారీల మధ్య నుంచి ఆటోడ్రైవర్‌లా దూరిపోతున్నాడు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని అరుంధతి గీతను చూస్తోంది. పక్కన కరుణ ఫోన్ చెవికి ఆనించుకుని, "ఎత్తవే సుధా, ఎత్తవే తల్లీ" అంటోంది. ఇన్నాళ్లూ ఎవరిదో తెలియని ఒక గుండె కోసం ముగ్గురూ ఇలా ఉరుకుతున్నారంటే నాకే రాస్తుంటే చెయ్యి నిలవడం లేదు.

మిర్యాలగూడ రైసు మిల్లుల ఊక వాసన తగిలింది. అంబులెన్సు ముందే పోయిందని డాక్టరు ఫోన్ చేశాడు. "అందుకుంటం" అన్నాడు శశిధర్. "తప్పకుంట అందుకుంటం."

అప్పుడే గీత ఆగింది.

తెర మీద ఏమీ లేదు. చుక్క లేదు. అడుగు లేదు. అరుంధతి వేలితో తెరను తాకింది. కరుణ ఫోన్ ఒళ్లోకి జారిపోయింది.

ఒక చుక్క పడింది. తర్వాత ఇంకోటి.

"వచ్చింది! మేడం, వచ్చింది!" కరుణ సీట్లోంచి ఎగిరినంత పని చేసింది. "సార్, సుధ బాగనే ఉన్నది! చూడున్రి, కొట్టుకుంటున్నది! ఎంత మంచిగ కొట్టుకుంటున్నదో చూడున్రి!"

శశిధర్ గట్టిగా నవ్వి స్టీరింగ్ మీద చెయ్యి చరిచాడు. అరుంధతి నవ్వలేదు. ఆమె చుక్కలనే చూస్తోంది. చుక్క, ఎడం. చుక్క, ఎడం. కుట్టుమిషన్ మీద వేసిన కుట్టులా ఒకే తీరుగా, ఎక్కడా తప్పకుండా పోతున్నాయి.

"కరుణా" అంది. "వాచీని ఎవరో చల్లబడకుండా చూస్తున్నారు. ఈ గుండె సుధది కాదు."